రోషియా మొంతానా: బంగారు కొండల్లో పదహారు పల్లెలు

రుమేనియాలో ట్రాన్సిల్వేనియా ప్రాంతానికి పడమటి అంచున అపుసేని పర్వతాలున్నాయి. కార్పాతియన్ పర్వతశ్రేణిలో ఇవి మరీ ఎత్తైనవి కావు. కానీ లోయలు ఇరుకు, దారులు వంకర, చలికాలం పొడుగు. వీటి దక్షిణ భాగంలో అడుగడుగునా ఖనిజాలు దొరుకుతాయి కాబట్టి ఆ భాగానికి లోహాల కొండలన్న పేరు వచ్చింది. ఆల్బా జిల్లాలోని రోషియా మొంతానా ఈ కొండల మధ్యనే ఉంది. రుమేనియా పల్లెప్రాంతాల్లో దగ్గర దగ్గర ఊళ్ళు కొన్ని కలిసి ఒక కొమూనాగా ఏర్పడతాయి. దానికి ఎన్నికైన మేయరు, ఒక పాలక మండలి ఉంటాయి. రోషియా మొంతానా అలాంటి కొమూనా. ప్రధాన గ్రామం పేరే కొమూనాకూ పేరు. దానితో పాటు కోర్నా, త్సారినా, కర్పినిష్, గూరా రోషియె, బ్లిదెష్తి, ఇగ్నత్సెష్తి, యాకొబెష్తి, వుర్తోప్ వంటి పల్లెలు కలిపి మొత్తం పదహారు. వీటిలో కొన్ని నాలుగైదు గడపలవే. కొండవాలు మీద ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మధ్య గడ్డిబీళ్ళు పరుచుకుని ఉంటాయి.

రోషియా వాగు తూర్పు కొండల్లో పుట్టి, ప్రధాన గ్రామం మధ్యగా పడమటికి పారి, గూరా రోషియె దగ్గర అబ్రుద్ ఏట్లో కలుస్తుంది. దానికి దక్షిణాన పక్క లోయలో కోర్నా వాగుది కూడా అదే దారి. అబ్రుద్ ఏరు ఉత్తరానికి సాగి కింపేని పట్టణం దగ్గర అరియేష్ నదిని చేరుతుంది. అక్కడి నుంచి ఆ నీళ్ళు మురేష్, తీసా నదుల మీదుగా డాన్యూబులోకి వెళతాయి. ఇక్కడి వాగులో ఏం కలిసినా దాని ప్రభావం దిగువనున్న దేశాల దాకా పోతుందన్న సంగతి ఇటీవలి చరిత్రలో పెద్ద వాదనకే కారణమైంది. ప్రధాన గ్రామం సముద్రమట్టానికి ఎనిమిది వందల మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది. చుట్టూ కిర్నిక్, చెతాతె, ఓర్లియా, లేతి, జిగ్ కొండలు. వాటిలో కొన్ని వెయ్యి మీటర్లు దాటతాయి. ఈ నేలలో గోధుమ సరిగా పండదు. బంగాళాదుంపలు, గడ్డి, నాలుగు ఆవులు, కలప, ఇంతకు మించి పైపైన దొరికే బతుకుతెరువు లేదు. మిగిలినదంతా నేల అడుగునే ఉంది.

అక్కడికి బంగారం చేరింది అగ్నిపర్వతాల వల్ల. సుమారు కోటీ ముప్పై లక్షల ఏళ్ళ కిందట ఈ ప్రాంతంలో అగ్నిపర్వతాలు పేలి, గొంతుల్లా లోతుగా దిగిన బిలాలను ఏర్పరచాయి. ఆ బిలాల్లోని శిథిల శిలల్లోకి, డాసైట్ అనే అగ్నిశిలల పగుళ్ళలోకి వేడినీళ్ళు ఎగదన్నుతూ బంగారాన్నీ వెండినీ మోసుకొచ్చి వదిలాయి. అందుకే ఇక్కడి బంగారం వెండితో కలిసే దొరుకుతుంది, రంగు కాస్త లేతగా ఉంటుంది. కొన్ని చోట్ల రేకులుగా, తీగలుగా కంటికి కనబడుతుంది, ఎక్కువ చోట్ల మాత్రం రాయిలో కంటికి ఆననంత సన్నగా చెదిరి ఉంటుంది. బ్రాద్, జ్లాత్నా, బాయా దె అరియేష్ పట్టణాల మధ్య పరుచుకున్న ఈ ఖనిజ ప్రాంతాన్ని భూగర్భ శాస్త్రవేత్తలు బంగారు చతుర్భుజమని పిలుస్తారు. ఐరోపాలో ఇంత బంగారం ఉన్న నేలలు చాలా అరుదు.

క్రీస్తుశకం 106లో రోమన్ చక్రవర్తి ట్రాజన్, ఈ కొండలున్న డాసియాతో చేసిన రెండో యుద్ధంలో దాని రాజు దెచెబాలుస్‌ను ఓడించి, ఆ రాజ్యాన్ని సామ్రాజ్యంలో ఒక రాష్ట్రంగా కలుపుకున్నాడు. బంగారు గనుల పర్యవేక్షణకు ప్రత్యేకంగా ఒక అధికారిని నియమించి, నేటి జ్లాత్నా దగ్గర అంపేలుమ్ పట్టణంలో అతని కచేరీ పెట్టారు. రోషియా మొంతానా నాటి పేరు ఆల్బుర్నుస్ మాయోర్. గని పని తెలిసిన వాళ్ళను అద్రియాటిక్ తీరానికి చెందిన ఇల్లీరియా నుంచి, డాల్మేషియా నుంచి రప్పించారు. వాళ్ళలో పిరుస్తే తెగవాళ్ళు బాగా పేరున్న గని పనివాళ్ళు. కొండవాళ్ళైన వీరు తెగలవారీగా పేటలు కట్టుకున్నారు, తమ దేవతలకు గుళ్ళూ బలిపీఠాలూ నిలుపుకున్నారు, తమ చనిపోయినవాళ్ళను కాల్చి ఆ బూడిదను ఊరి శివార్లలో పాతిపెట్టారు. తవ్వకాల్లో ఆ శ్మశానాలు, ఇళ్ళ పునాదులు, రాతితో గుండ్రంగా కట్టిన ఒక పెద్ద సమాధి బయటపడ్డాయి.

కొండలో వాళ్ళు తొలిచిన సొరంగాలు ఇప్పటికీ ఉన్నాయి. ఓర్లియా కొండలో ఒక భాగాన్ని సందర్శకులు మెట్లు దిగి చూడవచ్చు. మనిషి నిలబడి నడవడానికి చాలినంత ఎత్తు, పైన కాస్త ఇరుకు, అడుగున కాస్త వెడల్పు. ఈ కోణాల ఆకారమే రోమన్ల తవ్వకానికి గుర్తు. గోడల మీద ఉలి దెబ్బలు వరసలు వరసలుగా, నిన్ననే కొట్టినట్టు కనిపిస్తాయి. మధ్య మధ్య నూనె దీపం పెట్టుకోవడానికి చిన్న గూళ్ళు తొలిచారు. రాయి మరీ గట్టిగా ఉన్న చోట కట్టెలు పేర్చి మంట పెట్టి, వేడెక్కిన రాయి పగుళ్ళిచ్చాక కొట్టేవాళ్ళు. లోతుకు పోయేకొద్దీ ఊరే నీటిని తోడడానికి కొయ్య చక్రాలను ఒకదానిపై ఒకటిగా అమర్చారు. కింది చక్రం ఎత్తి పోసిన నీటిని పై చక్రం అందుకుని ఇంకా పైకి చేరవేసేది. ఆ చక్రాల కొయ్య భాగాలు పారు కార్పెని అనే గనిలో బురద కింద పాడవకుండా దొరికాయి. కిర్నిక్, లేతి, ఓర్లియా, చెతాతె కొండల్లో రోమన్ల కాలపు సొరంగాలన్నీ కలిపి ఏడు కిలోమీటర్ల దాకా గుర్తించారు. 106 నుంచి నూట అరవై ఆరేళ్ళలో రోమన్లు ఇక్కడ దాదాపు 500 టన్నుల బంగారం తీశారని యునెస్కో అంచనా.

అయితే చరిత్రకారుడికి ఆ అయిదు వందల టన్నుల కంటే ఇంకో దొరుకుబడి ముఖ్యం. 1786 నుంచి 1855 వరకు పాత సొరంగాలను తిరిగి తెరుస్తున్న పనివాళ్ళకు మైనం పూసిన చెక్క పలకలు దొరుకుతూ వచ్చాయి. దొరికినవి యాభై వరకు ఉంటాయి, చదవడానికి వీలుగా ఉన్నవి దాదాపు సగం. రోమన్ల రోజువారీ గొలుసుకట్టు రాత అప్పటికి ఎవరికీ కొరుకుడుపడేది కాదు. 1840లో జర్మన్ పండితుడు హాన్స్ ఫెర్డినాండ్ మాస్మన్ ఒక పలకను చదివి పుస్తకం ప్రచురించాడు. ఆ తర్వాత థియోడోర్ మామ్‌సెన్ వీటన్నిటినీ తన లాటిన్ శాసనాల సంకలనంలో చేర్చాడు. ఒక్కో పత్రానికి మూడు పలకలు. ఒప్పందాన్ని రెండుసార్లు రాసేవాళ్ళు. ఒక ప్రతిని లోపలి ముఖాల మీద రాసి, పలకలు మూసి, దారం చుట్టి, సాక్షులు ముద్రలు వేసేవాళ్ళు. రెండో ప్రతి పైకి చదువుకోవడానికి. ఎవరైనా పై ప్రతిని దిద్దారని తగాదా వస్తే, న్యాయాధికారి ముందు ముద్రలు విప్పి లోపలి ప్రతితో పోల్చి చూసేవాళ్ళు.

ఆ పలకల్లో ఉన్నవి రాజుల కథలు కావు. 131 ఫిబ్రవరి 6 నాటి పత్రంలో ఈ ఊరి పేరు మొదటిసారి కనిపిస్తుంది. 139 మార్చి 17 నాటి పత్రం ఒక అమ్మకం దస్తావేజు. పాస్సియా అనే ఆరేళ్ళ పిల్లను పిరుస్తే తెగకు చెందిన ఒకడు 205 దినారీలకు అమ్మాడు. ఆ పిల్లకు దొంగబుద్ధి లేదని, పారిపోయే అలవాటు లేదని అమ్మినవాడు అందులో హామీ ఇచ్చాడు. 159లో ఒక స్త్రీ ఒక ఇంట్లో సగభాగం 300 దినారీలకు అమ్మింది. 164 మే 20న మెమ్మియుస్ అనే పనివాడు నవంబరు 13 దాకా గనిలో పనికి ఒప్పుకున్నాడు. కూలి 70 దినారీలు, పైన తిండి. అతనికి చదువు రాదు, అతని మాటగా వేరొకడు రాసి పెట్టాడు. మధ్యలో పని మానేస్తే రోజుకు ఇంతని జరిమానా అతని మీద, కూలి ఆలస్యం చేస్తే అదే జరిమానా యజమాని మీద. గనిలోకి నీళ్ళు వచ్చి పని ఆగితే ఆ మేరకు కూలి తగ్గుతుందని కూడా రాసుకున్నారు. నీటి ప్రమాదం పనివాడి నెత్తినే పడిందన్నమాట. ఆరేళ్ళ పిల్ల వెల, ఒక గని కూలీ మూడు సీజన్ల కూలికి దరిదాపుల్లో ఉంది. రోమన్ సామ్రాజ్యంలో కూలి ఎంత, మనిషి వెల ఎంత అని లెక్కగట్టే వాళ్ళందరూ ఈ కొండ ఊరి పలకల దగ్గరికే రావలసి వస్తోంది.

వాటిలో 167 ఫిబ్రవరి 9 నాటిది ఒక ప్రకటన. జూపిటర్ చెర్నేనుస్ పేర సభ్యులు చందాలు వేసుకుని, ఎవరు చనిపోయినా అంత్యక్రియల ఖర్చు భరించే ఒక సంఘం ఊళ్ళో ఉండేది. అందులో 54 మంది ఉండగా ఇప్పుడు 17 మందే మిగిలారని, తన తోటి నిర్వాహకుడు ఒక్క సమావేశానికైనా రాలేదని, పెట్టెలో డబ్బు లేదని, కాబట్టి ఇకమీద ఎవరైనా చనిపోతే సంఘం ఏదో ఇస్తుందని ఆశపడవద్దని నిర్వాహకుడు బహిరంగంగా ప్రకటించాడు. మిగతా 37 మంది ఏమయ్యారో పలకలో లేదు. అదే సంవత్సరం మే 29 తర్వాత తేదీ ఉన్న పలక ఒక్కటీ దొరకలేదు. డాన్యూబ్ సరిహద్దుల్లో మార్కొమాన్ని తెగల దాడులు మొదలైన కాలమది. జనం తమ పత్రాలను సొరంగాల్లో దాచి పారిపోయారని, తిరిగి వచ్చి తీసుకోలేకపోయారని చరిత్రకారులు భావిస్తారు. చెక్కకూ మైనానికీ అంత ఆయుష్షు దక్కింది కూడా ఆ సొరంగాల్లో దాచడం వల్లనే. తవ్వకం ఆ తర్వాత కూడా కొనసాగింది. 271 ప్రాంతంలో చక్రవర్తి అవ్రేలియన్ డాసియాను వదిలేయడంతో ముగిసింది.

ఆ తర్వాత కొన్ని వందల ఏళ్ళు ఈ ఊరి సంగతి రాతల్లో కనబడదు. మధ్యయుగంలో ట్రాన్సిల్వేనియా హంగరీ రాజ్యంలో భాగమైంది. గని పని తెలిసిన జర్మన్లను రాజులు తెచ్చి ఈ చుట్టుపక్కల నిలిపారు. హంగరీ వాళ్ళు ఈ ఊరిని వెరెష్‌పటక్ అన్నారు, జర్మన్లు గోల్డ్‌బాఖ్ అన్నారు. పదిహేడో శతాబ్దం చివర ట్రాన్సిల్వేనియా ఆస్ట్రియా హాబ్స్‌బర్గుల పాలనలోకి వచ్చాకే ఈ లోయ మళ్ళీ పెద్ద గనుల ఊరైంది. వియన్నా ఖజానాకు బంగారం కావాలి. అందుకోసం ప్రభుత్వం ఓర్లియా కొండ కిందుగా పవిత్ర శిలువ పేరుతో ఒక పొడవైన సొరంగం తొలిపించి, పై గనుల నీళ్ళు దాని గుండా బయటికి పోయే ఏర్పాటు చేసింది. ఉలీ మంటా చేసే పనిలోకి తుపాకీమందు కూడా వచ్చింది.

ఊరి రూపురేఖల్ని ఎక్కువగా మార్చింది చెరువులు. ఇక్కడ వాటిని తావు అంటారు. వాగులో ఏడాది పొడుగునా నీరు చాలదు కాబట్టి, మంచు కరిగిన నీటినీ వాన నీటినీ నిలవ చేయడానికి పద్దెనిమిదో శతాబ్దం నుంచి కొండల నెత్తిన మట్టికట్టలు వేశారు. కట్ట మధ్యలో బంకమట్టి కూరి, లోపలి వైపు రాతి పేర్పు పేర్చేవాళ్ళు. పెద్ద తావు, త్సారినా తావు, కోర్నా తావు, బ్రాజి తావు, అంగెల్ తావు ఇప్పటికీ నీళ్ళతో ఉన్నాయి. ఈతకూ చేపలకూ జనం వస్తుంటారు. వీటిని చూసి కొండ సరస్సులనుకునే సందర్శకులు చాలామంది. నిజానికి ఇవన్నీ గనుల కోసం మనుషులు తవ్వినవే. తూము ఎత్తితే ఆ నీళ్ళు కాలువల మీదుగా లోయలోకి దిగి, దారి పొడుగునా ష్తియాంపులను తిప్పేవి.

ష్తియాంపు ఈ లోయ ప్రాణం. నీటి చక్రం, దానికి బిగించిన పొడవాటి కొయ్య ఇరుసు, ఇరుసు మీద పళ్ళు. ఇరుసు తిరుగుతుంటే ఆ పళ్ళు నిలువు దూలాలను ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి వదిలేవి. మన ఇళ్ళలో వడ్లు దంచిన రోకళ్ళలాగా ఆ దూలాలు తొట్టిలోని ముడిరాయి మీద పడి దాన్ని పిండి చేసేవి. నీళ్ళతో కలిసిన ఆ పిండి వాలు బల్లల మీదుగా పారుతుంటే, బరువైన బంగారు రేణువులు బల్ల మీద పరిచిన ముతక గుడ్డల్లో చిక్కుకునేవి. ఆ గుడ్డలు తొట్టిలో జాడించి, అడుగున మిగిలిన మట్టిని షాయ్‌త్రోక్ అనే కొయ్య పళ్ళెంలో పోసి, ఒడుపుగా ఊపి, చివరికి పళ్ళెం అంచున సన్నని పసుపు చారగా బంగారాన్ని తేల్చేవాళ్ళు. గని నుంచి ష్తియాంపు దాకా ముడిరాయిని గుర్రాల వీపున బుట్టల్లో దించేవాళ్ళు. రోషియా, కోర్నా లోయల్లో ఇలాంటి మరలు వందల సంఖ్యలో ఉండేవి. రాత్రీ పగలూ ఆ దంపుడు చప్పుడు మధ్యనే జనం నిద్రపోయారు, పెళ్ళిళ్ళు చేసుకున్నారు, పిల్లల్ని పెంచుకున్నారు.

ఈ ఏర్పాటులో ముఖ్యమైన సంగతి, గనులు ఒక్కడి చేతిలో లేకపోవడం. పెద్ద సొరంగం ప్రభుత్వానిది. దాని చుట్టూ నాలుగైదు కుటుంబాలు వాటాలు వేసుకుని నడిపే చిన్న గనులు అనేకం. తండ్రి వాటా కొడుకులకు, అల్లుళ్ళకు వచ్చేది. ఒక్కొక్కరికి గనిలో ఇంత, ష్తియాంపులో ఇంత, చెరువు నీటిలో ఇన్ని గంటలు. బంగారాన్ని ప్రభుత్వపు మారకపు కచేరీలో నిర్ణయించిన ధరకే ఇవ్వాలి. చాటుగా అమ్మేవాళ్ళూ ఉండేవాళ్ళు. రాత్రిపూట ఇతరుల గనుల్లో దూరి మేలిరాయి ఎత్తుకుపోయేవాళ్ళను హొలొవాంగార్లు అనేవాళ్ళు. వాళ్ళ సాహసాల కథలు ఇప్పటికీ చెప్పుకుంటారు. గనికి ఒక వుల్వా, అంటే ఆ గనిని కాచే శక్తి, ఉంటుందని బాయెష్‌ల నమ్మకం. బాయెష్ అంటే గని పనివాడు. వుల్వా ఇష్టపడ్డవాడికి బంగారు తీగ చూపిస్తుంది, కోపం వస్తే కొండ మీద పడేస్తుంది. అదృష్టం కలిసొచ్చిన మిహాయిల గ్రిత్తా అనే గనుల యజమాని పంతొమ్మిదో శతాబ్దపు తొలి రోజుల్లో చుట్టుపక్కల గుళ్ళూ బడులూ కట్టించాడని ఊరు ఇప్పటికీ తలుచుకుంటుంది.

బంగారం పలురకాల జనాన్ని ఒక్క వీధిలోకి చేర్చింది. చుట్టూ పల్లెల్లో ఉండేవాళ్ళు మోత్సి అనే రుమేనియన్ కొండజనం. పశువులు, కలప, కొయ్య తొట్ల తయారీ వాళ్ళ ఆధారం. గనుల ఊళ్ళో రుమేనియన్లతో పాటు హంగరీ వాళ్ళు, జర్మన్లు, స్లోవాక్‌లు కూడా స్థిరపడ్డారు. అందుకే ఒక్క చిన్న ఊళ్ళో ఆర్థొడాక్స్, గ్రీక్ క్యాథలిక్, రోమన్ క్యాథలిక్, రిఫార్మ్‌డ్, యూనిటేరియన్ చర్చిలు అయిదూ నడకదూరంలో నిలబడ్డాయి. ఊరి నడిమధ్య చౌకు చుట్టూ పంతొమ్మిదో శతాబ్దంలో సంపన్నులు కట్టుకున్న ఇళ్ళున్నాయి. కింద రాతి గోడలు, పైన కొయ్య వసారాలు, వీధి వైపు నగిషీ తలుపులు. కొండ ఊళ్ళో ఇలాంటి ఇళ్ళు కనిపించడం వెనుక గని వాటాల సంపద ఉంది.

అయితే ఆ సంపద అందరికీ అందలేదు. ప్రభువుల భూముల మీద వెట్టి చేసే మోత్సి రైతుల బతుకు దుర్భరంగా ఉండేది. 1784 చివర హోరెయా, క్లోష్కా, క్రిషాన్ నాయకత్వంలో వాళ్ళు తిరగబడ్డారు. ఈ ముగ్గురిలో క్లోష్కా, అసలు పేరు ఇయోన్ ఓర్గ, ఇప్పటి కొమూనాలోని కర్పినిష్ పల్లెవాడు. తిరుగుబాటుదారులు అబ్రుద్ పట్టణాన్నీ రోషియానూ ముట్టడించారు. సైన్యం దిగాక తిరుగుబాటు అణగారిపోయింది. క్రిషాన్ చెరసాలలో ప్రాణం తీసుకున్నాడు. 1785 ఫిబ్రవరి 28న ఆల్బా యూలియా పట్టణంలో హోరెయాను, క్లోష్కాను చక్రంతో ఎముకలు విరగ్గొట్టి చంపారు. ఊళ్ళ నుంచి రైతులను తెచ్చి మరీ ఆ శిక్షను చూపించారు. ఆ ఏడాది ఆగస్టులో చక్రవర్తి రెండో జోసెఫ్ ట్రాన్సిల్వేనియాలో రైతుల బానిస కట్టుబాట్లను సడలించాడు.

1848-49లో కొండలు మళ్ళీ భగ్గుమన్నాయి. హంగరీ విప్లవ ప్రభుత్వం ట్రాన్సిల్వేనియాను తనలో కలుపుకోవడాన్ని ఒప్పుకోని మోత్సి జనం అవ్రామ్ యాంకు నాయకత్వంలో ఆయుధాలు పట్టారు. రోషియా మొంతానా గ్రీక్ క్యాథలిక్ మతగురువు సిమియోన్ బాలింత్ అతని సేనానుల్లో ఒకడు. అబ్రుద్, రోషియాల్లో ఇరుగుపొరుగుగా బతికిన రుమేనియన్లకూ హంగరీ వాళ్ళకూ మధ్య నెత్తురు పారింది. అయిదు చర్చిల సహజీవనం గురించి చెప్పేటప్పుడు ఈ సంగతి దాటవేయడం న్యాయం కాదు.

1912లో తూర్దా నుంచి అబ్రుద్ దాకా 93 కిలోమీటర్ల చిన్న రైలుమార్గం అరియేష్ లోయ వెంట వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత, 1918 డిసెంబరు 1న ఆల్బా యూలియాలో జరిగిన సభ తీర్మానంతో ట్రాన్సిల్వేనియా రుమేనియాలో కలిసింది. రెండు యుద్ధాల మధ్య కాలం చిన్న గనులకు మంచి కాలం. చౌకులో దుకాణాలు, కాసినో, వారాంతపు సందడి ఉండేవి.

1948 జూన్‌లో కమ్యూనిస్టు ప్రభుత్వం గనులను జాతీయం చేయడంతో ఇదంతా ఒక్కసారిగా ఆగిపోయింది. కుటుంబాల వాటాలు రద్దయ్యాయి. ష్తియాంపులు పనికిరానివయ్యాయి. ఇంట్లో బంగారం దాచారన్న అనుమానంతో పాత గనుల కుటుంబాలను పట్టుకుపోయి హింసించారు. అదే ఏడాది గ్రీక్ క్యాథలిక్ చర్చిని కూడా నిషేధించారు. తాతల నాటి గనికి యజమాని అయినవాడే మర్నాటి నుంచి ప్రభుత్వ గనిలో కూలీ. 1970ల మొదట్లో చెతాతె కొండను పైనుంచి తవ్వుకుంటూ పోయే బహిరంగ గని మొదలైంది. రోమన్లు తొలిచిన పెద్ద పెద్ద గుహలు, జనం కోటలని పిలుచుకున్న ఆ కట్టడాల్లాంటి కుహరాలు, పేలుడు మందుకు ఎగిరిపోయాయి. కొండ ఉన్న చోట ఇప్పుడు మెట్లు మెట్లుగా దిగే గొయ్యి ఉంది. పొరుగు కొమూనా లుప్షాలో ఇంకా ఘోరం జరిగింది. రోషియా పోయెని రాగి గని వ్యర్థాల కోసం 1970ల చివర జమన అనే పల్లెను ఖాళీ చేయించి ముంచేశారు. బురద మధ్య నుంచి చర్చి గోపురం చాలా ఏళ్ళు పైకి కనిపించింది. రోషియా ప్రభుత్వ గని ఖర్చులకు తగ్గ రాబడి లేక, 2007లో దేశం ఐరోపా సమాఖ్యలో చేరే ముందు 2006లో మూతపడింది.

అప్పటికే ఇంకో ప్రతిపాదన ఊరిని రెండుగా చీల్చింది. కెనడాకు చెందిన గాబ్రియెల్ రిసోర్సెస్ ప్రధాన వాటాదారుగా, రుమేనియా ప్రభుత్వ గనుల సంస్థ చిన్న వాటాదారుగా ఏర్పడిన కంపెనీకి 1999 నాటి తవ్వకపు లైసెన్సు ఉండేది. నాలుగు కొండలను బహిరంగ గనులుగా మార్చి, పదహారేళ్ళ పైచిలుకు కాలంలో 300 టన్నుల బంగారం, 1,600 టన్నుల వెండి తీయాలన్నది పథకం. రాయిలో చెదిరిన బంగారాన్ని కరిగించడానికి సయనైడ్ వాడాలనుకున్నారు. ఆ తర్వాత మిగిలే బురదను నిలవ ఉంచడానికి కోర్నా లోయకు అడ్డంగా 185 మీటర్ల ఎత్తున కట్ట కట్టాలనుకున్నారు. అంటే కోర్నా పల్లె, అక్కడి చర్చిలు, శ్మశానాలు కట్ట వెనక మునిగిపోయేవి. 2000 జనవరి 30న ఉత్తర రుమేనియాలోని బాయా మారె దగ్గర ఒక బంగారు పరిశ్రమ కట్ట తెగి, సయనైడ్ నీళ్ళు తీసా నదిలో పడి హంగరీ దాకా చేపలను చంపిన ఘటన అందరి కళ్ళ ముందే జరిగింది. అదే ఏడాది స్థానికులు కొందరు ఆల్బుర్నుస్ మాయోర్ పేరుతో సంఘం పెట్టుకుని పథకాన్ని ఎదిరించారు. పని లేక విసిగిన ఇంకొందరు ఉద్యోగాలొస్తాయని పథకాన్ని సమర్థించారు. రెండు పక్షాలనూ అర్థం చేసుకోవాలి. ఒకరికి తాతల ఇల్లు, ఇంకొకరికి రేపటి తిండి. కంపెనీ ఇళ్ళను కొంటూ పోయింది. వెళ్ళిపోయిన వారికోసం ఆల్బా యూలియా శివార్లలో కొత్త కాలనీ కట్టింది. వెళ్ళినవాళ్ళు తమ పెద్దల ఎముకలను కూడా సమాధుల నుంచి తీసి వెంట తీసుకుపోయిన సందర్భాలున్నాయి.

పథకం వల్ల జరిగిన మేలొకటుంది. చట్టప్రకారం తవ్వకానికి ముందు పురావస్తు పరిశోధన జరగాలి కాబట్టి, 2001 నుంచి విస్తృతంగా అన్వేషణ సాగింది. ఫ్రాన్స్‌లోని తూలూజ్ నుంచి వచ్చిన బృందం ఏళ్ళ తరబడి సొరంగాల్లో పాకుతూ, బురద తోడుతూ, కొయ్య నిచ్చెనలకూ దుంగలకూ కాలనిర్ణయం చేసింది. కొండ అడుగున రోమన్ల పని ఎంత విస్తారమో అప్పుడే తేలింది. తవ్వకం ఆపాలన్న వాదనకు అదే బలమైన ఆధారమైంది.

2013 ఆగస్టు చివర ప్రభుత్వం ఈ పథకానికి ప్రత్యేక చట్టం తేవాలని బిల్లు ప్రవేశపెట్టింది. సెప్టెంబరు 1 నుంచి బుకరెస్ట్, క్లూజ్ వంటి నగరాల్లో వారం తర్వాత వారం వేలాది మంది వీధుల్లోకి వచ్చారు. కమ్యూనిస్టు పాలనను కూల్చిన 1989 విప్లవం తర్వాత పుట్టిన యువతరం మొదటిసారి ఇంత పెద్ద సంఖ్యలో కదిలింది ఒక కొండ ఊరి కోసమే. నవంబరులో సెనేట్, మరుసటి ఏడాది దిగువసభ బిల్లును తోసిపుచ్చాయి. 2015లో కంపెనీ నష్టపరిహారం కోరుతూ అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి వెళ్ళింది. 2024 మార్చిలో తీర్పు రుమేనియాకు అనుకూలంగా వచ్చింది. ఈలోగా, 2021 జూలై 27న చైనాలోని ఫూజౌ నగరంలో జరిగిన సమావేశంలో యునెస్కో రోషియా మొంతానా గనుల ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించింది. తెలంగాణలోని పాలంపేట రామప్ప గుడికి ఆ గౌరవం దక్కింది రెండు రోజుల ముందు, అదే సమావేశంలో. రోషియాను మాత్రం చేర్చిన రోజే, తవ్వకపు భయం ఉన్నందువల్ల, ప్రమాదంలో ఉన్న స్థలాల జాబితాలో కూడా పెట్టారు.

జనాభా లెక్కలు ఈ కథనంతా అంకెల్లో చూపిస్తాయి. 2002లో కొమూనాలో నాలుగు వేలకు కాస్త తక్కువ మంది ఉండేవాళ్ళు. 2011 నాటికి ఆ సంఖ్య 2,656కు పడిపోయింది. ఆ తర్వాత కూడా తగ్గుతూనే వచ్చింది. ఈ తగ్గుదలలో గని మూతపడి పోయిన ఉద్యోగాల పాత్ర ఉంది, కంపెనీకి ఇళ్ళమ్మి వెళ్ళినవాళ్ళ పాత్ర ఉంది, రుమేనియా పల్లెలన్నిటా ఉన్నట్టే పశ్చిమ ఐరోపాకు పనికోసం తరలిన యువత పాత్రా ఉంది. 2002లో ప్రాంత ప్రణాళిక ఈ నేలను గనుల పరిశ్రమకే కేటాయించడంతో, చాలా ఏళ్ళపాటు ఇంకో వ్యాపారం పెట్టుకోవడానికి దారి దొరకలేదు. ఈ కారణాన్ని బయటివాళ్ళు తరచూ మరిచిపోతారు. ఉన్నవాళ్ళలో అత్యధికులు రుమేనియన్లు. రోమా జనం, హంగరీ వాళ్ళు కొద్దిమంది. మతాల్లో ఆర్థొడాక్స్‌దే మెజారిటీ. యూనిటేరియన్, రిఫార్మ్‌డ్ చర్చిల్లో ప్రార్థనకు వచ్చేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది.

కంపెనీ కొన్న ఇళ్ళు చాలా వరకు తాళాలతో శిథిలమవుతున్నాయి. 2012 నుంచి వాస్తుశిల్పులు, విద్యార్థులు వేసవిలో వచ్చి, స్థానిక మేస్త్రీల దగ్గర పాత పని నేర్చుకుంటూ కొన్ని ఇళ్ళకూ చర్చిలకూ మరమ్మతులు చేస్తున్నారు. గనుల మ్యూజియం, ఓర్లియా సొరంగం, తావుల చుట్టూ నడకదారులు సందర్శకులను రప్పిస్తున్నాయి. మిగిలిన కుటుంబాల్లో కొన్ని ఇంటి గదులు అద్దెకిస్తున్నాయి. 714 మీటర్ల మట్టంలోని పాత సొరంగం నుంచి ఆమ్లపు నీళ్ళు తుప్పు రంగులో ఇప్పటికీ రోషియా వాగులోకి కారుతున్నాయి. రాయిలోని గంధకపు ఖనిజాలు గాలీ నీరూ తగిలి కరగడం వల్ల పుట్టే ఈ నీరు తవ్వకం ఆగినా ఆగదు. దాన్ని శుద్ధి చేయడం, చెతాతె గొయ్యిని చక్కబెట్టడం, ఖాళీ ఇళ్ళను మళ్ళీ మనుషుల చేతికి అప్పగించడం, ఈ మూడూ కొమూనా ముందూ ప్రభుత్వం ముందూ మిగిలి ఉన్న పనులు.